మెరక చేసిన పొలంలో ఇల్లు: వానలకు ముందు పునాది జాగ్రత్తలు

బరంపురం, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో వరి పొలాన్నో పూడిన చెరువునో కొని, మొరంతో మెరక చేయించి, వానలు పడేలోగా పిల్లర్లు లేపాలనుకునేవారు ముందుగా లెక్కలో చేర్చవలసినది ఆ మొరం బరువు. అడుగునున్న మెత్తటి బంకమట్టిని ఇంటికంటే ముందు అదే కుంగదీస్తుంది.

పొలం మట్టానికి 1.5 మీటర్ల లోతున ఫుటింగు (పిల్లరు అడుగున వేసే కాంక్రీటు దిమ్మ), దాని కింద 2 మీటర్ల బంకమట్టి, ఆ బంకమట్టి అడుగున గట్టి నేల, పొలం మట్టం దాకా నీరు ఉన్నాయనుకుందాం. ద్రవ పరిమితి (మట్టి జారుడుగా మారే తేమ శాతం) 50 శాతమైతే సంపీడన సూచిక (ఒత్తిడికి మట్టి ఎంత నొక్కుకుపోతుందో చెప్పే అంకె) సుమారు 0.36, శూన్యత నిష్పత్తి (మట్టి రేణువుల ఘనపరిమాణానికి వాటి మధ్య ఖాళీలు ఎన్నింతలో చెప్పేది) 1 అనుకుందాం. బంకపొర మధ్యలో మొదటినుంచీ ఉన్న ఒత్తిడి చదరపు మీటరుకు 2 టన్నులు కాగా, మీటరు ఎత్తు మొరం 1.8 టన్నులు కలుపుతుంది. ఈ అంకెలను కుంగుదల లెక్కగట్టే సంవర్గమాన (లాగరిథం) సూత్రంలో వేస్తే కుంగుదల 10 సెంటీమీటర్లు. తర్వాత 1.5 మీటర్ల చదరపు ఫుటింగుపై 20 టన్నులు పడితే మరో 9.5 సెంటీమీటర్లు. పునాదులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1904, దాని 1986 కూర్పులో, బంకమట్టిపై కాంక్రీటు కట్టడాల విడి ఫుటింగులకు అనుమతించింది 7.5 సెంటీమీటర్లు మాత్రమే. ఎండలకు బిగిసిన మట్టి ఇంతకంటే తక్కువ కుంగవచ్చు గనుక, చెదరని నమూనాను గొట్టంతో తీయించి, రెండు కొసలూ మైనంతో మూయించి పరీక్షకు పంపాలి. గోనెసంచిలో వేసుకెళ్లిన బెడ్డలు ఈ పనికి రావు.

ఒక వర్షాకాలం వదిలేస్తే చాలని మేస్త్రీలు చెప్పే మాట పలుచటి పొరకు సరిపోవచ్చు. బంకమట్టి కుంగేది అందులోని నీరు బయటికి పోయేకొద్దీ; ఆ నీరు బయటపడటానికి వెళ్లాల్సిన దూరం రెట్టింపైతే కుంగడానికి పట్టే కాలం నాలుగింతలవుతుంది. మొరం పోసేముందే పొలం మట్టంపై కడ్డీ బిగించిన ఇనుప పలకను పరచి, స్థలానికి దూరంగా ఉన్న కదలని గుర్తు నుంచి కడ్డీ కొసను నెలనెలా కొలిచి, కుంగుదల దాదాపు ఆగాకే పునాది తవ్వడం మేలు.

స్థలంలో సగం పాత గట్టు, సగం చెరువు గర్భం అయితే రెండుచోట్లా మట్టి పరీక్షకు బోరు వేయించాలి. అదే ప్రమాణం 1986 కూర్పు ప్రకారం 4 మీటర్ల ఎడమున్న రెండు పిల్లర్ల మధ్య కుంగుదలలో తేడా 6 మిల్లీమీటర్లు దాటరాదు. దాటితే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు మొదలుకావచ్చు.

గుంటలోకి వాననీరు చేరితే నానిన బురదను పూర్తిగా తీసి, అదేరోజు గుంట అడుగున కాంక్రీటు వేయాలి. మోటారుతో రోజుల తరబడి నీరు తోడిస్తే చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం దిగి, పక్కింటి పునాది కూడా కుంగవచ్చు కాబట్టి వారి గోడలను ముందే ఫొటోలు తీసి ఉంచుకోవాలి.