యూరిన్ రిపోర్టు చూసి టెన్షన్ పడేముందు

నల్లగొండ ఎండల్లో పొద్దంతా తిరిగి, సాయంత్రం ల్యాబ్‌లో శాంపిల్ ఇస్తే స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.030 దగ్గర కనబడొచ్చు. కిడ్నీలు పాడైనట్టు కాదు, నీళ్లు చాలక మూత్రం చిక్కబడిందంతే. అప్పుడు ప్రోటీన్ ఎదురుగా ‘ట్రేస్’ (అతి కొద్దిగా) అని కూడా వస్తుంటుంది, జ్వరంలోనూ అంతే. సరిపడా నీళ్లు తాగి, మర్నాడు పొద్దున మళ్లీ ఇవ్వండి. అప్పుడూ ప్లస్ గుర్తు వస్తే డాక్టరుకు చూపించాల్సిందే, బీపీ, షుగర్ ఉన్నవాళ్లయితే మరీనూ.

పస్ సెల్స్ (చీము కణాలు) 0-5 మామూలే. 8-10 ఉండి, కింద ఎపిథీలియల్ సెల్స్ కూడా ఎక్కువుంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదేమో అనుకోవాలి. ఈ ఎపిథీలియల్ సెల్స్ చర్మం నుంచి కలిసే కణాలు, ఆడవాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపిస్తాయి. శుభ్రంగా కడుక్కొని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. ఇంట్లోనే సీసాలో పట్టి, దేవరకొండ బస్సెక్కి రెండు గంటల తర్వాత ఇచ్చే శాంపిల్‌లో సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. ల్యాబ్‌కెళ్లి ఇవ్వడమే నయం.

మంట, జ్వరం ఏమీ లేకుండా ఈ అంకెలు చూపించి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడగొద్దు. గర్భిణుల లెక్క వేరు. ఏ ఇబ్బందీ లేకపోయినా వాళ్ల రిపోర్టు డాక్టరే చూడాలి.