బండి తిరిగిచ్చేసినా బాకీ ఎందుకు మిగిలింది? సిబిల్ స్కోరు ఎందుకు పడిపోయింది?

"బండి ఇచ్చీసాను కదా, ఇంకా ఏటి బాకీ?" నరసన్నపేటలో టాక్సీ నడిపే మా బావ అడిగిన మాట ఇది. కిస్తీలు కట్టలేక తాళాలు ఫైనాన్స్ వాళ్ల చేతిలో పెట్టేసి, పీడ వదిలిందనుకున్నాడు. కొన్ని నెలలకు ఇంకా లక్షన్నర దాకా కట్టాలని నోటీసొచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో కారు లోన్ భారమైన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ముందే తెలియాలని రాస్తున్నాను.

సమస్య: బండి అప్పగించాక కూడా ఫోన్లు, నోటీసులు ఆగట్లేదు.

కారణం: బండి ఇస్తే లోన్ తీరినట్టు కాదు. వాళ్లు దాన్ని వేలం వేసి, వచ్చిన సొమ్మును బాకీలో జమ చేసుకుంటారంతే. ఉదాహరణకు అసలు, వడ్డీ కలిపి బాకీ 4,20,000 ఉంది, పార్కింగ్, వేలం ఖర్చులు 18,000 అయ్యాయి, వేలంలో 2,90,000 పలికింది అనుకోండి. మిగిలిన 1,48,000 మీ నెత్తినే ఉంటుంది. హామీ సంతకం పెట్టినవాళ్ల నెత్తిన కూడా.

పరిష్కారం: బండి ఇచ్చే రోజే జాగ్రత్తపడాలి. మా బావ దగ్గరున్నది ఒక్క పసుపు కార్బన్ కాగితం. స్టెప్నీ, బ్యాటరీ, టైర్లు, కిలోమీటర్లు, అన్ని గళ్లూ ఖాళీ. కింద సంతకం మాత్రం మా బావదే! బండి ఏ స్థితిలో ఇచ్చాడో చూపించడానికి ఆధారమే లేదు. అందుకే ప్రతి గడీ నింపించి, వాళ్ల సంతకం, స్టాంపు తీసుకోండి. మీటరు కనబడేలా నాలుగు పక్కలా ఫొటోలు తీసుకోండి. ఆ రోజుకి బాకీ ఎంతో స్టేట్‌మెంట్ అడగండి. అమ్మేముందు బాకీ కట్టి బండి విడిపించుకోవడానికి మీకు చివరి అవకాశం ఇవ్వాలి. అది కూడా అడగండి. వేలం అయ్యాక ఎంతకు పోయింది, ఏ ఖర్చు ఎంత అన్న లెక్క రాతపూర్వకంగా కోరండి. నోటి లెక్కకి డబ్బు కట్టొద్దు.

వసూలు మనుషులు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. వేధిస్తే ముందు ఆ సంస్థకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ (ఇలాంటి ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. సాయానికి 14448 నంబరు ఉంది.

సమస్య: సిబిల్ (మన అప్పుల చెల్లింపు రికార్డు ఉంచే సంస్థ) రిపోర్టులో 'సెటిల్డ్' (కొంత కట్టి ముగించారు) అనో 'రిటెన్ ఆఫ్' (రాని బాకీగా రాసేశారు) అనో ఉంది. కొత్త లోన్ ఎవరూ ఇవ్వట్లేదు.

కారణం: "సగం కట్టండి, ముగించేద్దాం" అంటే చాలామంది సంబరపడతారు. కానీ పూర్తిగా కట్టలేదన్న ముద్ర రిపోర్టులో అలాగే మిగులుతుంది. సొంతంగా ఇచ్చారా, వాళ్లే సీజ్ చేశారా అన్నదాంతో పెద్ద తేడా ఉండదు, కిస్తీ తప్పిన రోజులన్నీ రికార్డులోకి ఎక్కుతాయి. 90 రోజులు దాటితే అది మొండి బాకీ.

పరిష్కారం: వీలైతే మిగతాది కట్టేసి, నో డ్యూ సర్టిఫికెట్ (బాకీ లేదన్న పత్రం) తీసుకుని, ఖాతా 'క్లోజ్డ్'గా మార్చమని రాసివ్వండి. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే అలాంటి సంస్థలు కూడా ఏడాదికోసారి ఉచితంగా పూర్తి రిపోర్టు ఇవ్వాలి, నాలుగూ చూసుకోండి. తప్పు రాశారంటే డిస్ప్యూట్ (సరిచేయమని ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయలు పరిహారం అడిగే హక్కుంది. నిజంగా తప్పిన కిస్తీలను మాత్రం ఎవరూ చెరపలేరు. "స్కోరు పెంచుతాం, పదివేలివ్వండి" అనేవాళ్లకి పైసా ఇవ్వకండి.

సమస్య: బండి వేరేవాళ్లకి ఇచ్చేశాను, కిస్తీ వాళ్లే కడతామన్నారు. ఇప్పుడు కట్టట్లేదు.

కారణం: బాండు పేపరు మీద రాసుకున్నది మీ ఇద్దరి మధ్య మాట. లోన్ మీ పేరు మీదే, ఆర్సీ మీ పేరు మీదే. ప్రమాదం జరిగినా మొదట మీ గుమ్మంలోకే వస్తారు.

పరిష్కారం: కొనేవాళ్ల డబ్బుతోనే లోన్ ముందే తీర్చేయండి. ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ (బండి లోన్‌కి తాకట్టులో ఉందన్న నమోదు) తీయించి, ఫారం 29, 30తో కొన్నవాళ్ల పేరుకి బదిలీ చేయండి. మీరు ఇంకా బండి అప్పగించకపోతే, రెండో కిస్తీ తప్పకముందే ఇలా సొంతంగా అమ్ముకోండి. వేలంలో కన్నా ఎక్కువ ధరే పలికే అవకాశం ఉంటుంది.