వినడం నేర్చుకుందాం – 5: ఆరు మాత్రల తాళం దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం

పోయిన పాఠంలో రెండు పాటలు ఇచ్చాను. రెండూ లాస్ లోబోస్ బృందానివే. మెక్సికన్ మూలాలున్న అమెరికా రాక్ బృందం అది. ఒకటి 1984 ఆల్బమ్‌లో మొదటి పాట ‘డోంట్ వర్రీ బేబీ’, రెండోది 1988 ఆల్బమ్‌లోని ‘లా గ్వాకమాయా’. కాలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు వేస్తూ రెండుకీ నాలుగుకీ చప్పట్లు కొట్టమన్నాను. మొదటిది చాలామందికి వచ్చింది. రెండో పాటలో దాదాపు అందరూ పడిపోయారు. పాట మధ్యలో వేగం మారుతోందని కొందరు రాశారు. వాయించేవాళ్లకే తాళం తప్పిందేమో అని ఒకరు అడిగారు. ఎక్కువమంది మాత్రం ‘ఇది వాల్ట్జ్ కదా’ అన్నారు, అంటే మూడేసి లెక్కల్లో నడిచే పాశ్చాత్య నాట్య సంగీతం అని.

తప్పు నాదే. నాలుగు మాత్రల లెక్క నేర్పి, ఆరు మాత్రల పాట ముందు నిలబెట్టాను. మాత్ర అంటే తాళంలో ఒక్క లెక్క. అందుకే ఈసారి రావాల్సిన అకార్డియన్ పాఠాన్ని వచ్చేసారికి జరిపాను. ముందు ఈ చిక్కు విడిపోవాలి. ఇది విడకపోతే యాభై ఏళ్లుగా వాయిస్తున్న ఈ బృందం మీకు సగమే వినిపిస్తుంది.

మొదటి పాటలో తడబడినవాళ్ల సంగతి త్వరగా చూద్దాం. మీ చెయ్యి ఒకటికీ మూడుకీ పడుతోంది. అది భజనల నుంచి వచ్చిన అలవాటు. మనకు తాళం ఎత్తుగడ మీదే బలంగా పడాలి. రాక్‌లో డ్రమ్స్ వాయించేవాడు స్నేర్ అనే ‘టక్’మనే డ్రమ్ మీద రెండుకీ నాలుగుకీ కొడతాడు. దీన్నే బ్యాక్‌బీట్ అంటారు. ఇది అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం నుంచి, అంటే గాస్పెల్ అనే చర్చి పాటలు, రిథమ్ అండ్ బ్లూస్ దారిలో రాక్‌లోకి వచ్చింది. నోటితో ‘దుం టక్ దుం టక్’ అనుకోండి. చెయ్యి టక్‌కి మాత్రమే. రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

ఇక వాల్ట్జ్ మాట. మూడు అనే అంకె వినబడగానే వాల్ట్జ్ అనేయడం నాకు నిజంగా చికాకు తెప్పిస్తుంది. అలా పేరు పెట్టేశాక చెవి వినడం మానేస్తుంది. వాల్ట్జ్‌లో ఒక బలమైన దెబ్బ, రెండు తేలిక దెబ్బలు, మళ్లీ బలమైనది. ఆ నడకలో అనుమానానికి చోటుండదు. ‘లా గ్వాకమాయా’ అలాంటిది కాదు. అది మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతపు సోన్ హరోచో శైలి పాట. ఆ శైలిలో ఆరు మాత్రల్ని రెండు రకాలుగా పంచుతారు, ఆ రెండు పంపకాలూ పక్కపక్కనే నడుస్తాయి.

దీన్ని చెప్పడానికి మన దగ్గర ఎంతో మంచి పనిముట్టు ఉంది. నోటితో చెప్పండి:

తకిట తకిట
తక తక తక

రెంటిలోనూ అక్షరాలు ఆరే. వేగం మారకుండా ఒకదాని వెంట ఒకటి చెప్పండి. మొదటి దాంట్లో ఊనిక రెండు చోట్ల పడుతుంది, రెండో దాంట్లో మూడు చోట్ల. పాశ్చాత్య లిపిలో మొదటిది ఆరు-ఎనిమిది, రెండోది మూడు-నాలుగు. ఆ అంకెలు గుర్తుండకపోయినా పర్వాలేదు, నేనూ నోటి లెక్కతోనే వింటాను. మీకు ‘వేగం మారినట్టు’ అనిపించిన చోట వేగం మారలేదు. తకిట పట్టుకుని కూర్చున్న చెవికి తక తక తక తగిలింది, అంతే.

ఇప్పుడు చేతికి. బల్ల మీద అరచేతిని గిటార్ మీటినట్టు కిందికీ పైకీ ఆడించండి. ఆరు కదలికలు: కింద, పైన, కింద, పైన, కింద, పైన. తకిట తకిట చెబితే మొదటి ఊనిక చెయ్యి కిందికి పోయేటప్పుడు, రెండో ఊనిక పైకి వచ్చేటప్పుడు పడుతుంది. తక తక తక చెబితే మూడు ఊనికలూ కిందికి పోయేటప్పుడే. చేతి కదలిక ఒక్కటే, బరువు మారుతోంది. పైకి వచ్చేటప్పుడు ఊనిక ఇవ్వడం మొదట్లో కష్టం. ఆ కష్టమే ఈ పాఠం. ముందు ఎంత మెల్లగానైనా చేయండి కానీ ఆ పైదెబ్బను మింగేయకండి.

చివరి మెట్టు, రెండూ ఒకేసారి. కాలు ఒకటికీ నాలుగుకీ. చెయ్యి ఒకటికీ మూడుకీ అయిదుకీ. అంకెలతో ప్రయత్నిస్తే తల తిరుగుతుంది, కాబట్టి ఒక మాట పట్టుకోండి: ‘ఊరికి రా’. ఛందస్సు చదువుకున్నవాళ్లు చూడండి, గురువు, లఘువు, లఘువు, గురువు. మొత్తం ఆరు మాత్రలు. ‘ఊ’కి చెయ్యీ కాలూ కలిసి పడతాయి. ‘రి’కి చెయ్యి. ‘కి’కి కాలు. ‘రా’కి మళ్లీ చెయ్యి. ఊరికి రా, ఊరికి రా, ఊరికి రా. దీర్ఘాలను పూర్తిగా రెండు మాత్రలు లాగాలి, అక్కడ తొందరపడితే మొత్తం కూలిపోతుంది. ఇలాంటి మాటలు మీరూ కట్టుకోవచ్చు: ‘పాలకి పో’, ‘చేనుకి రా’. నాకు మాత్రం మొదటిదే బాగా నిలిచింది.

ఇది వచ్చాక ‘లా గ్వాకమాయా’ మళ్లీ వినండి. ఈ శైలిలో ముందుకు నడిపేది హరానా అనే చిన్న మీటు గిటార్. సంప్రదాయ వేడుకల్లో నాట్యం చేసేవాళ్లు చెక్క వేదిక మీద కాళ్లతో కొట్టే దరువు కూడా ఒక వాద్యమే. తకిటా, తకా అని తేల్చే పని మీకు లేదు. రెండింటి మధ్య లాగుడే ఈ పాటకు ప్రాణం.

ఒకరు చాలా మంచి ప్రశ్న వేశారు: ‘లా బాంబా కూడా వెరాక్రూజ్ పాటే అన్నారు, మరి దానికి నాలుగు మాత్రల లెక్క చక్కగా సరిపోయిందేం?’ అవును, సరిపోతుంది. సోన్ హరోచోలో ఎక్కువ పాటలు ఆరులో ఉంటే, కొన్ని మాత్రం రెండు, నాలుగుల్లో నడుస్తాయి. లా బాంబా ఆ కొన్నిట్లో ఒకటి. లాస్ ఏంజెలెస్‌లోని పకోయిమాలో పెరిగిన రిచీ వాలెన్స్ 1958లో, పదిహేడేళ్ల వయసులో, దాన్ని రాక్ అండ్ రోల్‌గా పాడగలిగాడంటే ఆ నడక కూడా ఒక కారణమని నా నమ్మకం. బ్యాక్‌బీట్ పెట్టడానికి చోటు ముందే ఉంది. 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో ఆ అబ్బాయి చనిపోయాడు. అతని జీవితం మీద వచ్చిన సినిమా కోసం లాస్ లోబోస్ 1987లో అదే పాట వాయిస్తే, అది అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆ రికార్డు చివర ఎలక్ట్రిక్ గిటార్లు తప్పుకుని, పాత పద్ధతి తీగ వాద్యాలు పైకొస్తాయి. చాలామంది అక్కడికి రాకముందే పాట ఆపేస్తారు. దయచేసి ఆపకండి.

ఆ చివరి కొద్ది సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే 1973కి వెళ్లాలి. డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో తూర్పు లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లు. వాళ్లు మొదట నేర్చుకున్నది రాక్, రిథమ్ అండ్ బ్లూస్. ఇంట్లో పెద్దవాళ్ల మెక్సికన్ పాటల వైపు తిరిగింది ఆ తర్వాతే. ‘జానపద బృందం రాక్‌లోకి మారింది’ అని మీలో కొందరు రాసుకున్న నోట్సు దిద్దుకోండి. రాక్ నుంచి జానపదానికి వెళ్లి, దాన్ని వెంటబెట్టుకుని రాక్‌కి తిరిగొచ్చారు. మొదట్లో ఫ్రాంక్ గొన్సాలెస్ కూడా వాళ్లతో ఉన్నాడు. పెళ్లిళ్లలో, రెస్టారెంట్లలో ఏళ్ల తరబడి వాయించారు. 1978లో తెచ్చిన మొదటి ఆల్బమ్ మీద తమను తాము తూర్పు లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన మరో మామూలు బృందంగా చెప్పుకున్నారు.

1980లో ఒక పంక్ (కరకుగా, వేగంగా వాయించే రాక్) బృందం కచేరీకి ముందు లాస్ ఏంజెలెస్‌లోని ఒలింపిక్ ఆడిటోరియంలో ఈ జానపద పాటలే వాయిస్తే, జనం చేతికందినవి విసిరారు. వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఎలక్ట్రిక్ వాద్యాలతో పంక్ క్లబ్బులకు వెళ్లారు, బ్లాస్టర్స్ బృందంతో స్నేహం కుదిరింది. అందులో సాక్సోఫోన్ వాయించే స్టీవ్ బెర్లిన్ 1983 రికార్డుకు టీ బోన్ బర్నెట్‌తో కలిసి నిర్మాతగా పనిచేసి, తర్వాత వీళ్లతోనే ఉండిపోయాడు. ఆ రికార్డులోని ఒక పాటకు గ్రామీ వచ్చింది.

నేనైతే ప్రతి పాటలోనూ ముందు లొజానో బేస్‌ని పట్టుకుంటాను. పాత పాటలకు అతను గిటర్రోన్ వాయించేవాడు. మెక్సికోలో వేడుకలకు వాయించే మరియాచి బృందాల్లో కనిపించే పెద్ద పొట్ట తీగ వాద్యం అది. దాని స్వరం గుండ్రంగా మోగి త్వరగా ఆగిపోతుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఎలక్ట్రిక్ బేస్ పట్టుకున్నాక కూడా అతను ఆ ఖాళీని పూడ్చడు. ‘ఊరికి రా’ సాధన చేసిన చెవికి ఆ ఖాళీలు వినబడతాయి. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

1988 ఆల్బమ్ గురించి ఒక్క మాట. నంబర్ వన్ పాట తర్వాత ఎవరైనా అలాంటిదే ఇంకొకటి చేస్తారు. వీళ్లు ‘లా పిస్తోలా ఇ ఎల్ కొరసోన్’ అని పూర్తిగా పాత వాద్యాలతో, స్పానిష్‌లో, చిన్న ఆల్బమ్ తెచ్చారు. ఈ బృందం చేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 1992 నాటి ‘కికో’ని చాలామంది శిఖరం అంటారు, అదీ గొప్పదే, దానికి వేరే పాఠం ఉంటుంది. సొంత ఊరి పాటలతో 2021లో తెచ్చిన ‘నేటివ్ సన్స్’కి అమెరికానా (అమెరికా జానపద మూలాల సంగీతం) విభాగంలో గ్రామీ వచ్చింది. అది ఇప్పుడే వినకండి, చెవి సిద్ధమయ్యాక వినండి.

సాధన. ఈసారి కొంచెం కఠినంగానే ఇస్తున్నాను. రోజూ ఇరవై నిమిషాలు, పది రోజులు. మొదటి మూడు రోజులు పాట పెట్టొద్దు, చేతి కదలిక, ‘ఊరికి రా’ మాత్రమే. నాలుగో రోజు నుంచి ‘లా గ్వాకమాయా’ మొదలు నుంచి చివరి దాకా కాలు తకిటకి పెట్టి ఒకసారి, చెయ్యి తక తక తకకి పెట్టి ఒకసారి. ఎనిమిదో రోజు నుంచి రెండూ కలిపి. తప్పితే మధ్యలో అందుకోకండి, పాట మొదటికి వెళ్లండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, బయట స్పీకర్‌లో పెట్టండి, బేస్ ఒంటికి తెలియాలి. పదో రోజు కాగితం మీద ఒక్కటి రాయండి: ఏ వాద్యం తకిట వైపు నిలబడింది, ఏది తక వైపు. ఆ కాగితం పక్కన పెట్టుకుని అకార్డియన్ పాఠానికి రండి. అక్కడ లెక్క మళ్లీ రెండుకి మారుతుంది, బేస్ ‘దుం’ అంటే పన్నెండు తీగల గిటార్ లాంటి బాహో సెక్స్‌టో ‘చక్’ అంటుంది.