ఓపెన్ సోర్స్ నిర్వహణ, 4వ పాఠం: ఫ్రేమ్‌వర్క్ విడుదలకూ ప్లగిన్లకూ కలిపి క్యాలెండర్ వేయడం

కిందటి పాఠంలో వెర్షన్ నంబర్ల సంగతి చూశాం. ఏ మార్పుకు ఏ అంకె పెరగాలో, పాత కోడు ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకున్నాం. ఈసారి ఆ నంబరు వేసిన విడుదలను ఒక తేదీకి చేర్చడం నేర్చుకుందాం. మీకంటూ ఒక ప్లగిన్ ఉంటే మంచిది. లేకపోతే మీ ఆఫీసు ప్రాజెక్టులో వాడుతున్నదాన్ని ఒకటి ఎంచుకోండి. పాఠం చివర దానితోనే పని.

ఉదాహరణకు పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగోను తీసుకుంటున్నాను. ఎప్పుడు ఏం చేస్తారో, ఏ దశలో ఏ మార్పును ఒప్పుకుంటారో దాని డాక్యుమెంటేషన్‌లో వివరంగా రాసిపెట్టారు. దాని చుట్టూ వేలకొద్దీ థర్డ్ పార్టీ ప్యాకేజీలు ఉన్నాయి. వాటినే ఇక్కడ ప్లగిన్లు అంటున్నాను. నేర్చుకోవడానికి ఇంత తెరిచిన పుస్తకం వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో తక్కువ.

తేదీ ముందు, ఫీచర్లు తరువాత

ప్రణాళిక అనగానే చాలామంది ఫీచర్ల జాబితా రాసుకుంటారు. అవన్నీ అయ్యాక విడుదల అనుకుంటారు. జాంగో 1.7 కథ చూస్తే ఆ దారి ఎక్కడికి తీసుకెళ్తుందో అర్థమవుతుంది. అంతకుముందు సౌత్ అనే ప్లగిన్ చేసే డేటాబేస్ మైగ్రేషన్ల (డేటాబేస్ పట్టికల రూపాన్ని మార్చే) పనిని ఆ వెర్షన్‌లో ఫ్రేమ్‌వర్క్‌లోకే తెచ్చారు. యాప్‌లను లోడ్ చేసే పద్ధతినీ అదే వెర్షన్‌లో మార్చారు. రెండూ లోతైన మార్పులే. 2014 జనవరిలో ఆల్ఫా, అంటే మొదటి పరీక్షా విడుదల, వచ్చింది. తుది విడుదల సెప్టెంబరు 2న. పెద్ద మార్పులు రెండు ఒకేసారి నిలదొక్కుకోవాల్సి వచ్చినప్పుడు మధ్యలో ఏడు నెలలు గడిచిపోయాయి. ఆ ఏడు నెలలూ ప్లగిన్లు రాసేవాళ్లు దేనికి సిద్ధం కావాలో, ఎప్పటికి సిద్ధం కావాలో తేల్చుకోలేని స్థితి.

2015 డిసెంబరులో వచ్చిన 1.9 నుంచి పద్ధతి స్థిరపడింది. ఎనిమిది నెలలకు ఒక ఫీచర్ విడుదల: డిసెంబరు, ఆగస్టు, ఏప్రిల్, మళ్లీ డిసెంబరు. అందుకోలేని ఫీచరు తరువాతి విడుదలకు వెళ్తుంది, తేదీ మాత్రం కదలదు. ప్రతి మూడో విడుదల, అంటే 2.2, 3.2, 4.2, 5.2 లాంటిది, దీర్ఘకాల మద్దతు ఉన్నది. మూడేళ్ల పాటు భద్రతా సవరణలు వస్తాయి. మిగతా వాటికి ఎనిమిది నెలలు మామూలు సవరణలు, ఆపైన ఇంకో ఎనిమిది నెలలు భద్రతా సవరణలు.

ప్లగిన్ నిర్వాహకుడి వైపు నుంచి చూడండి. ఆయన ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాల్లో ఈ పని చేసే మనిషి. ఆయనకు కావాల్సింది ఏడాది ముందే డైరీలో రాసుకోగలిగిన తేదీ. స్థిరమైన తేదీ వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగేది ఆయనకే అని నా నమ్మకం.

వెనక్కి లెక్కపెట్టడం

5.2 తేదీలు కాగితం మీద రాసుకోండి. ఆల్ఫా 2025 జనవరి 15. బీటా, అంటే దాని తరువాతి పరీక్షా విడుదల, ఫిబ్రవరి 19. రిలీజ్ క్యాండిడేట్, అంటే పెద్ద లోపాలేవీ బయటపడకపోతే తుది విడుదల అయ్యేది, మార్చి 19. తుది విడుదల ఏప్రిల్ 2. అన్నీ బుధవారాలే.

ఇప్పుడు తుది తేదీ నుంచి వెనక్కి రండి. క్యాండిడేట్‌కు రెండు వారాలు, బీటాకు ఇంకో నాలుగు, ఆల్ఫాకు ఇంకో ఐదు. మొత్తం పదకొండు వారాలు. 5.1 విడుదలైంది 2024 ఆగస్టు 7న. అక్కడి నుంచి 5.2 ఆల్ఫాకు ఇరవైమూడు వారాలు. అంటే ముప్పైనాలుగు వారాల్లో దాదాపు మూడో వంతు కొత్త ఫీచర్లకు తలుపులు మూసేసి, ఉన్నవాటిని నిలబెట్టడానికే పోయింది. మొదటిసారి ప్రణాళిక వేసేవాళ్లు ఈ మూడో వంతును ఒక వారానికి కుదిస్తారు. మీరు అలా చేయకండి. ఆ పదకొండు వారాలు కోర్ టీమ్ కోసం మాత్రమే కాదు, ప్లగిన్ల కోసం కూడా.

ఇంకో మాట. జనవరి 15 ఆ ఏడాది కనుమ పండుగ. తుది విడుదల ఉగాది అయిన మూడో రోజున. అమెరికాలోనో యూరప్‌లోనో కూర్చుని వేసిన క్యాలెండర్‌లో మన పండుగలు ఉండవు. ఆల్ఫా వచ్చిన రోజే పరీక్షిస్తానని మాటిచ్చి ఊరెళ్లిపోయే బదులు, మీ తేదీని ఒక వారం తరువాతకు జరుపుకుని అలాగే ప్రకటించండి.

ఏ దశలో ఏది చెల్లుతుంది

ఆల్ఫా రోజున 5.2 కోసం విడిగా స్టేబుల్ బ్రాంచ్, అంటే కోడుకు వేరే శాఖ, తీస్తారు. అక్కడితో దానిలోకి కొత్త ఫీచర్లు ఆగిపోతాయి. మెయిన్ బ్రాంచ్ మాత్రం తరువాతి వెర్షన్ కోసం నడుస్తూనే ఉంటుంది. ఏ సవరణ అయినా ముందు మెయిన్‌లో చేరి, ఆ తరువాతే స్టేబుల్ బ్రాంచ్‌కు చెర్రీపిక్ అవుతుంది, అంటే ఆ ఒక్క మార్పే అక్కడికి కాపీ అవుతుంది. ఈ క్రమం తప్పితే ఒక వెర్షన్‌లో పోయిన బగ్ తరువాతి వెర్షన్‌లో మళ్లీ కనిపిస్తుంది.

ఆల్ఫా నుంచి బీటా వరకు మామూలు బగ్గులు కూడా సరిచేస్తారు. బీటా తరువాత రిలీజ్ బ్లాకర్లు, అంటే విడుదలను ఆపేంత లోపాలు, మాత్రమే: కొత్త ఫీచర్లలో పెద్ద లోపాలు, కిందటి వెర్షన్‌లో సరిగ్గా పనిచేసి ఇప్పుడు పనిచేయనివి, క్రాష్‌లు, డేటా పోయేవి, భద్రతా లోపాలు. క్యాండిడేట్‌తో పాటు తెరమీద కనిపించే వాక్యాలను కూడా స్తంభింపజేస్తారు, అనువాదకులు పని పూర్తిచేయడానికి. జాంగో భాషల జాబితాలో తెలుగు ఉంది. అడ్మిన్ పేజీలోని బటన్లు, ఫారం లోపాల సందేశాలు తెలుగులో సరిగా రావాలంటే తెలుగువాళ్లు పనిచేయాల్సిన వారాలు ఇవి. కోడు రాయకుండానే ఒక విడుదలకు సాయపడే దారి కూడా ఇదే. కాబట్టి మీ ప్లగిన్‌లో సందేశాలు ఉంటే వాటికీ ఇలాంటి గడువు పెట్టండి.

దశల గురించి చదివితే అర్థమయ్యేది కొంతే. 5.2లోకి వచ్చిన కాంపోజిట్ ప్రైమరీ కీలను చూడండి. ప్రైమరీ కీ అంటే డేటాబేస్ పట్టికలో ఒక్కో వరుసను గుర్తించే విలువ. ఒకటికంటే ఎక్కువ కాలమ్‌లతో ప్రైమరీ కీ కావాలని 2005లోనే టికెట్ పెట్టారు, దాని నంబరు 373. ఇరవై ఏళ్లకు ఆ కోరిక తీరింది. అయినా పూర్తిగా తీరలేదు: 5.2లో అలాంటి మోడల్‌ను (పట్టికకు కోడులోని రూపాన్ని) అడ్మిన్‌లో నమోదు చేయలేం, మరో మోడల్ నుంచి దానివైపు ఫారిన్ కీ (లింకు) చూపించలేం. ఆ రెండూ తయారయ్యేదాకా ఆగుదామని పట్టుబడితే ఫీచరు ఇంకో విడుదల దాటిపోయేది. గట్టిగా నిలబడే భాగాన్ని విడుదల చేసి, పరిమితులను డాక్యుమెంటేషన్‌లో ఉన్నదున్నట్టు రాశారు. ప్రణాళిక వేసేవాడు నేర్చుకోవాల్సిన కత్తిరింపు ఇదే. ఫీచరును ఎక్కడ కోస్తే మిగిలిన ముక్క తనంతట తాను పనికొస్తుందో వెతకాలి.

ప్లగిన్ వైపు పని

అదే ఫీచరు ప్లగిన్లకు ఏం తెచ్చిందో చూద్దాం. మోడల్‌లోని ఫీల్డులను ఒక్కొక్కటిగా చూసి, ప్రైమరీ కీ అన్న గుర్తు ఉన్నదాన్ని పట్టుకునే ప్లగిన్లు చాలా ఉన్నాయి. కాంపోజిట్ కీలో ఏ ఒక్క ఫీల్డుకూ ఆ గుర్తు ఉండదు. కీ విలువ కూడా ఒక అంకెగా కాకుండా టపుల్‌గా, అంటే కొన్ని విలువల వరుసగా, వస్తుంది. ఇలాంటి కోడు కోసం మోడల్ మెటాలో పీకే ఫీల్డ్స్ అనే కొత్త జాబితా ఇచ్చారు. పాత టెస్టులన్నీ పాసవుతాయి, ఎందుకంటే వాటిలో కాంపోజిట్ కీ ఉన్న మోడలే లేదు. అందుకని ఆల్ఫా వచ్చిన రోజు టెస్టులు నడపడంతో పని అయిపోదు. రిలీజ్ నోట్స్ చదివి, మీ ప్లగిన్ ఏ కొత్త ఫీచరుకు తగులుతుందో చూసి, దానికి కొత్త టెస్టు రాయాలి. నన్నడిగితే ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైన అరగంట అదే.

తరువాత టెస్టుల పట్టిక. 2025 ఏప్రిల్‌లో 5.2 విడుదలైనప్పుడు ఒక ప్లగిన్ 4.2, 5.1, 5.2 మూడింటి మీదా నడవాల్సి వచ్చింది. 4.2కు పైథాన్ 3.8 నుంచి 3.12 దాకా, 5.2కు అప్పట్లో 3.10 నుంచి 3.13 దాకా. అన్ని జతలూ నడపనక్కర్లేదు. ప్రతి జాంగో వెర్షన్‌కూ అన్నిటికంటే పాత పైథాన్, అన్నిటికంటే కొత్త పైథాన్ చాలు. వీటికి తోడు జాంగో మెయిన్ బ్రాంచ్ మీద ఒక వరుస పెట్టి, అది ఫెయిలైనా మీ విడుదల ఆగకుండా అమర్చుకోండి. డేటాబేస్‌నూ మరవకండి: 5.2 పోస్ట్‌గ్రెస్ 13కు మద్దతు తీసేసింది. టెస్టు సర్వర్‌లో పాతదే ఉంటే తప్పు ప్లగిన్‌దని పొరబడతారు.

పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ తనంతట తాను ఆల్ఫాలను ఇన్‌స్టాల్ చేయదు. ప్రీ ఆప్షన్ ఇవ్వాలి, లేదా వెర్షన్ పేరును పూర్తిగా రాయాలి. ఇక్కడే మరో చిక్కు. ప్లగిన్ డిపెండెన్సీలో జాంగో 5.2 కంటే తక్కువ ఉండాలి అని పైహద్దు రాస్తే, ఆల్ఫాతో కలిపి ఇన్‌స్టాల్ చేయబోయినవాళ్లకు పిప్ అడ్డం చెబుతుంది. జాగ్రత్త కోసం ఆ హద్దు పెట్టేవాళ్లను నేను అర్థం చేసుకోగలను. కానీ ప్లగిన్‌కు అది మేలు చేయదు. దాని మీద ఆధారపడిన ప్రతి ప్లగిన్ కూడా అక్కడే ఆగిపోతుంది. కిందిహద్దు మాత్రం పెట్టండి. ఏ వెర్షన్ల మీద పరీక్షించారో ప్యాకేజీ వివరాల్లోని క్లాసిఫయర్లలో చెప్పండి.

ఆధారపడటం అన్నాను కదా, వరుస కూడా ప్రణాళికలో భాగమే. వాగ్‌టెయిల్ అనే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం జాంగో మీద నిలబడింది. దాని కింద మోడల్‌క్లస్టర్, ట్యాగిట్, ట్రీబియర్డ్, రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ లాంటి ప్యాకేజీలు ఉన్నాయి. అడుగున ఉన్నవి సిద్ధం కాకుండా పైన ఉన్నది సిద్ధం కాలేదు. మీ ప్లగిన్ అడుగున ఉండేదైతే ఆల్ఫా, బీటా మధ్యలోనే విడుదల చేయండి. పైన ఉండేదైతే మీ కింద ఉన్నవాటి జాబితా రాసి, ఒక్కొక్కదాని పరిస్థితి ఫిబ్రవరిలోనే కనుక్కోండి. ఏదైనా ఆగిపోతే ఆ నిర్వాహకుణ్ని తొందరపెట్టకుండా, ఒక ప్యాచ్ పంపండి.

తప్పు ప్లగిన్‌లో లేదు, జాంగోలోనే ఉందని తేలితే వెంటనే టికెట్ పెట్టండి. ప్లగిన్ మొత్తాన్ని అంటించకుండా, ఒక మోడల్, ఒక క్వెరీ, రెండు వెర్షన్లలో వచ్చిన ఫలితాలు ఇస్తే చాలు. మీ ఫిర్యాదు జనవరిలో చేరితే దాన్ని నిదానంగా చూస్తారు. ఏప్రిల్ 3న చేరితే అప్పటికే ఆ వెర్షన్ లోకమంతా ఉంటుంది.

హెచ్చరికలను వినడం

2021 డిసెంబరులో 4.0 వచ్చినప్పుడు ఎన్నో ప్లగిన్లు ఇంపోర్ట్ దగ్గరే పడిపోయాయి. యూగెట్‌టెక్స్ట్, ఫోర్స్ టెక్స్ట్ లాంటి ఫంక్షన్లు, పాత యూఆర్ఎల్ ఫంక్షన్ ఆ వెర్షన్‌లో తీసేశారు. ఇది ఉన్నట్టుండి జరిగింది కాదు. మొదటివాటి గురించి 3.0 నుంచి, యూఆర్ఎల్ గురించి 3.1 నుంచి హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. చాలామందికి కనపడలేదు, ఎందుకంటే ఈ రకం హెచ్చరికలను పైథాన్ మామూలుగా తెరమీద చూపించదు.

కాబట్టి టెస్టులు నడిపేటప్పుడు హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చే ఆప్షన్ పెట్టండి. నియమం కూడా గుర్తుంచుకోండి: ఒక సిరీస్‌లో మొదటి రెండు విడుదలల్లో పాతబడినది తరువాతి సున్నా వెర్షన్‌లో పోతుంది, మూడోదానిలో, అంటే 5.2లో పాతబడినది 6.1లో పోతుంది. అలా ఏదైనా పోయేముందు కనీసం రెండు విడుదలల గడువు దొరుకుతుంది. ఈ లెక్క ప్రకారం, డాక్యుమెంటేషన్‌లో ఉన్న ఏపీఐలనే వాడుతూ 4.2 మీద ఒక్క హెచ్చరిక కూడా లేకుండా నడిచే కోడు, 5.2 దాకా నడవాలి. పాత వెర్షన్లను ఎప్పుడు వదిలేయాలన్న ప్రశ్నకూ జాంగోనే సలహా ఇస్తుంది: 5.0 వచ్చాక 4.2కు ముందువన్నీ వదిలేయండి అని దాని రిలీజ్ నోట్స్‌లోనే రాశారు. దాన్ని పాటిస్తే మొహమాటపడాల్సిన పని లేదు.

విడుదల రోజు

ఆ రోజు చేయాల్సింది తక్కువే ఉండాలి. ట్యాగ్ వేయడం, ప్యాకేజీ కట్టడం, కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడటం, పైథాన్ ప్యాకేజీల భాండారమైన పైపీఐకి ఎక్కించడం. ఒకసారి ఎక్కిన ఫైలు పేరుతో మరో ఫైలు ఎక్కించనివ్వరు. తప్పు జరిగితే యాంక్ చేసి, అంటే కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు రాకుండా పక్కనపెట్టి, నంబరు ఒకటి పెంచి మళ్లీ విడుదల చేయాలి. రాత్రి పదకొండుకు కాకుండా పొద్దున పెట్టుకోండి, సాయంత్రందాకా ఫిర్యాదులు చూడటానికి మీరు ఉండాలి.

అభ్యాసం

జాంగో 6.0 తుది విడుదల 2025 డిసెంబరు 3, బుధవారం. 5.2 పద్ధతిలోనే వెనక్కి లెక్కపెట్టి మిగతా మూడు తేదీలు రాయండి. లెక్క సరిపోతే ఆల్ఫా సెప్టెంబరు 17న, బీటా అక్టోబరు 22న, క్యాండిడేట్ నవంబరు 19న పడతాయి. దసరా అక్టోబరు 2, దీపావళి అక్టోబరు 20. రెండూ ఆల్ఫా, బీటా మధ్యనే. మీ ప్లగిన్‌కు ఆ ఐదు వారాల్లో నిజంగా ఎన్ని శనాదివారాలు మిగిలాయో గుర్తు పెట్టండి.

తరువాత, ఎంచుకున్న ప్లగిన్ కింద ఏ ప్యాకేజీలు ఉన్నాయో గీసి, వాటిలో పైహద్దు పెట్టినవి వెతకండి. 6.0కు కనీసం పైథాన్ 3.12 కావాలి, 5.2 మాత్రం 3.10 మీద కూడా నడుస్తుంది. రెండిటినీ మోసే టెస్టుల పట్టిక ఎన్ని వరుసల్లో సరిపెట్టగలరో చూడండి. ఆరు దాటితే మళ్లీ కత్తిరించండి.

5వ పాఠం భద్రతా విడుదల: తేదీని ముందే చెప్పకూడని సందర్భంలో ప్రణాళిక ఎలా వేయాలి.