షుగర్ ఉన్నవాళ్లకి ఫిజియోథెరపీ: ముందు పాదం, తర్వాతే నడక

షుగర్ అని తెలియగానే అందరూ చెప్పే మాట ఒకటే, "పొద్దున్నే నడవండి". మంచి మాటే. కానీ షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు కూడా అదే పట్టుకుని, పచ్చికలో ఒట్టికాళ్లతో నడిస్తే మంచిదట అంటూ నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో చెప్పులు విడిచి తిరుగుతుంటే చూసేవాళ్లకే టెన్షన్.

రోజూ రాత్రి లైటు కింద కూర్చుని రెండు పాదాలూ చూసుకోండి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో అరికాలి వైపు, ఆనెలు కాసేదీ పుండు పడేదీ ఎక్కువగా అక్కడే. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి, కంటిచూపు తగ్గి ఉంటే ఇంట్లోవాళ్లని చూడమనండి. చెప్పులు వేసుకునే ముందు లోపల చేత్తో తడమండి. మన వైపు సర్కారు తుమ్మ ముల్లు చెప్పు అడుగు నుంచి కూడా దిగుతుంది, స్పర్శ లేని కాలికి అది సాయంత్రం దాకా తెలియదు. ఫిజియో దగ్గరికి వెళ్తే 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుని పాదానికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూస్తారు, రెండు నిమిషాల పని, అడిగి చేయించుకోండి.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్లు వ్యాయామానికి ముందు షుగర్ చూసుకుని, 90 లోపు ఉంటే ఏదైనా తిని మొదలుపెట్టండి. 250 దాటి వాంతులో బాగా నీరసమో ఉంటే ఆ రోజు వ్యాయామం వద్దు, డాక్టర్‌కి చెప్పండి. మధ్యలో చేతులు వణికి చెమటలు పడితే షుగర్ పడిపోతున్నట్టు, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేసుకోండి.

ఇక భుజం. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, చొక్కాలో చెయ్యి దూర్చలేకపోవడం, బస్సులో పై రాడ్ అందకపోవడం, ఇవన్నీ వాతమని నూనెలు రాస్తూ నెలలు గడిపేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ, వదలడానికి ఏడాది పైనే పట్టొచ్చు. మంచి చేత్తో బల్ల పట్టుకుని కొంచెం ముందుకి వంగి, నొప్పి చెయ్యిని వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టండి, అటు పది, ఇటు పది. తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్లని మెల్లగా పైకి పాకించి, ఆగినచోట పెన్సిల్‌తో గీత పెట్టండి, వారానికోసారి కొత్త గీత. భుజం ఎగరేసి మోసం చేస్తే గీత పెరుగుతుంది గానీ చెయ్యి పెరగదు! పట్టు వదిలిస్తానని ఎవరైనా విరిచి లాగబోతే మాత్రం ఒప్పుకోవద్దు. కంటి రెటీనాలో రక్తస్రావం అయినవాళ్లు తల బాగా కిందికి వంచే ఆసనాలూ, ఊపిరి బిగబట్టి బరువులెత్తడమూ మానాలి.

కాళ్లకి పెద్ద హంగామా అక్కర్లేదు. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి వెనక కాలి పిక్కని సాగదీయడం. పిక్క బిగుసుకుంటే బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది, పుండ్లకి అదో కారణం. లేవగానే కళ్లు తిరిగేవాళ్లు మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు లేవండి. అరికాళ్లలో మంటలు పుడుతున్నాయని వేడినీళ్ల సంచి, కాపడం అసలొద్దు, కాలినా తెలియదు.

శనివారం మాలకొండ గుడికో వైశాఖంలో పెంచలకోన గుడికో పోతే మధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణలు పెట్టుకోకండి. తెల్లారే వెళ్లండి, మందపాటి నూలు సాక్సులు వేసుకోండి. దేవుడేమీ అనుకోడు.

పుండు ఉంటే అది మానేదాకా నడక వద్దు, కూర్చుని చేతులకి, తొడలకి చేసే వ్యాయామాలు చాలు. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇది: ఒక పాదం వాచి, ఎర్రబడి, రెండో దానికంటే వెచ్చగా ఉంటే, నొప్పి పెద్దగా లేకపోయినా సరే, దాన్ని బెణుకని మసాజ్ చేయించకండి. లోపల ఎముకలు కుంగిపోతూ ఉండొచ్చు, దాన్నే షార్కో పాదం అంటారు. బరువు మోపడం ఆపేసి, అదే రోజు నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో వెళ్లి, షుగర్ ఉందని ముందే చెప్పండి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు, అది చూసి మళ్లీ నడక మొదలెట్టేయకండి.