పటం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పొట్లం, కమలాపండు

పోయిన పాఠంలో మన విశాఖ ఏ అక్షాంశం మీద ఉందో చూసి రాసిపెట్టుకోమన్నాను. దాదాపు 17.7 డిగ్రీల ఉత్తరం. ఆ అంకెతో ఇవాళ పనుంది.

ముందు ఆర్కే బీచ్‌కి వెళ్లి మురీ మిక్స్చర్ తినండి. పాఠం కోసమేనని ఇంట్లో చెప్పొచ్చు. తిన్నాక పొట్లం విప్పండి. కాగితం చిరగదు, సాగదు, మీద అచ్చయిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఇప్పుడు కమలాపండు తొక్కని వీలైనంత పెద్ద ముక్కగా వలిచి, బల్ల మీద అరచేత్తో అదమండి. అంచులు చీలిపోతాయి.

పొట్లం ఒకవైపే వంగింది. మొన నుంచి అంచు దాకా స్కేలు ఆనిస్తే ఎక్కడా సందుండదు. పండు మీద స్కేలు ఎటు తిప్పినా ఒక్కచోటే ఆనుతుంది. ఇలా అన్నివైపులా వంగినదాన్ని చింపకుండా, సాగదీయకుండా చదును చేయడం కుదరదని 1827లో గౌస్ అనే గణితవేత్త లెక్కకట్టి నిరూపించాడు. భూమిదీ కమలాపండు సంగతే.

1569లో మెర్కేటర్ అనే పటాల తయారీదారు ప్రపంచ పటం గీయడానికి సాగదీసే దారి పట్టాడు. భూమ్మీద రేఖాంశాలు ధ్రువాల దగ్గర కలుస్తాయి. ఆయన వాటిని కలవనివ్వకుండా నిలువు గీతలుగా నిలబెట్టాడు. దాంతో పైకి పోయేకొద్దీ నేల అడ్డంగా సాగింది. కోణాలు చెడకూడదని నిలువుగానూ అంతే సాగదీశాడు. లాభం ఏమిటంటే, విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) గీత గీసి, అది ఉత్తరంతో చేసే కోణం కొలిచి, దారిపొడవునా దిక్సూచిని అదే కోణంలో ఉంచితే చాలు, ఓడ చేరుతుంది. అందుకే మెర్కేటర్‌ది మోసం అంటే నేను ఒప్పుకోను. ఓడలో ఉండాల్సిన పటాన్ని తరగతి గోడకి తగిలించడమే తప్పు. అలాంటి గోడ చూసే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉంటుందనుకుంటూ పెరిగాను. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మన దేశమే దానికంటే పెద్దది: మనది సుమారు 33 లక్షల చదరపు కిలోమీటర్లు, దానిది 22 లక్షలకి కాస్త తక్కువ.

ఎక్కడ ఎంత సాగిందో మీరే లెక్కకట్టొచ్చు. 1ని ఆ అక్షాంశం కొసైన్‌తో (క్యాలిక్యులేటర్‌లో cos మీట) భాగించండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి, రేడియన్లలో ఉంటే జవాబు తలాతోకా లేకుండా వస్తుంది. విశాఖకి 1.05, అంటే పొడవు నూటికి 5 వంతులు ఎక్కువ. ఇంచుమించు 60 డిగ్రీల మీదున్న ఓస్లోకి 2. అక్కడ పొడవు రెట్టింపు, విస్తీర్ణం నాలుగు రెట్లు.

ఇంటిపని: మీ దగ్గరున్న ప్రపంచ పటంలో భూమధ్యరేఖ నుంచి 20 డిగ్రీల దాకా, తర్వాత 60 నుంచి 80 దాకా స్కేలుతో కొలవండి. రెండోది మొదటిదానికి మూడు రెట్లు దాటితే అది మెర్కేటర్ పటమే అయ్యుంటుంది. రెండోదే చిన్నగా వస్తే దాని కథ వేరు. కొలతలు రాసిపెట్టండి, వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలు.