‘అమ్మ సాయం చేసేది’ అని రాసే ముందు

నా మొదటి కథ మా నాన్న మగ్గం గురించి. మాది పాత నల్లగొండ జిల్లాలో పుట్టపాక పక్క ఊరు. పది పేజీల కథలో అమ్మకు దక్కింది ఒకటే వాక్యం: ‘అమ్మ పక్కన కూర్చుని సాయం చేసేది.’ చదివి వినిపించాను. అమ్మ కండెలు చుడుతూనే విని, “సాయమా బిడ్డా? మరి ఆసు ఎవరు పోశారు?” అంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. చిటికి కట్టి, అంటే పోగులను అక్కడక్కడా బిగించి కట్టి, రంగులద్దే ముందు నూలును మేకుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. అదే ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అంత పనికి నేను పెట్టిన పేరు సాయం!

ఇప్పుడు ఆదివారాలు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా ఇంటికి కొత్తగా రాసేవాళ్లు కథలు తెస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇది.

ముందు ఎర్ర పెన్ను తీసుకుని మీ కథలో ఆడమనిషి చేసిన ప్రతి పని కింద గీత గీయండి. ఏడ్చింది, వడ్డించింది, తలుపు దగ్గర నిలబడింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంతేనా? అయితే ఆమె పగలంతా ఏం చేస్తుందో మీకు తెలియదన్నమాట. వెళ్లి చూడండి. తర్వాత కష్టం, త్యాగం, ఓర్పు అనే మాటలు కొట్టేయండి. నా వాక్యాన్ని చివరికి ఇలా మార్చాను:

‘అమ్మ కుడిచేయి మేకు నుంచి మేకుకు పోతూనే ఉంది. మధ్యాహ్నం ఆ చేయి అన్నం కలపడానికి లేవలేదు. ఎడమచేత్తో కంచం నా వైపు జరిపింది.’

నాలుగు రోజులు పట్టింది. ఆ కంచం గుర్తుకు రావడానికే మూడు రోజులు.

పిలుపులు సరిచూసుకోండి. తెలుగులో మగవాడు ‘వచ్చాడు’, ఆడమనిషి ‘వచ్చింది’, బర్రె కూడా ‘వచ్చింది’. వ్యాకరణాన్ని మీరు మార్చలేరు, సర్వనామం మీ చేతిలోదే. ఒకే కథలో దొరసాని ‘ఆవిడ’, నాటుకు వచ్చిన మనిషి ‘అది’ అయితే ఆ చిన్నచూపు పాత్రలది కాదు, మీది. ఇక ‘ఏమండీ’. మా వీధిలో భర్తను అలా పిలిచిన ఇల్లాలిని నేను చూడలేదు. మా అమ్మ నాన్నను ‘ఇగో’ అనేది.

డబ్బు ఎవరి చేతిలో ఉందో రాయండి. పాలమూరు నుంచి వలస పోయే జంట కథైతే, గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎవరు లెక్కపెట్టుకున్నారు? ఆ ఒక్క దృశ్యంతో సగం కాపురం తెలిసిపోతుంది.

ఈ మధ్య చాలా కథల్లో నాయిక చివరి పేరాలో పెట్టె సర్దుకుని బస్సెక్కేస్తోంది. ఛార్జీ ఎక్కడిదని ఒకప్పుడు అడిగేవాణ్ని. 2023 డిసెంబరు నుంచి మన దగ్గర పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి ఆ ప్రశ్న పోయింది. దిగాక ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో రాయండి. కథ అక్కడే మొదలవుతుందని తేలితే ముందున్నవన్నీ చింపేయండి.

చివరగా, రాసింది ఆ పని చేసే మనిషికి చదివి వినిపించండి. మెచ్చుకుంటారని ఆశపడకండి. తిరగరాసిన కథను అమ్మకు వినిపిస్తే ఆసు దగ్గర ఏమీ అనలేదు. నాన్న కూలి డబ్బు తెచ్చి ఆమె చేతిలో పెట్టే చోట మాత్రం ఆపింది.

“మీ నాన్న ఎప్పుడు తెచ్చాడు? సేటు దగ్గరికి ప్రతిసారీ నేనే కదా వెళ్లింది.”